పొయ్యికో కుటుంబమని రాసుకున్నాను

కొత్తగా శానిటరీ ఇనస్పెక్టర్లుగా చేరినవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏ రిజిస్టరు ఎలా నింపాలి, ఏ ఫారం ఎప్పుడు పంపాలి అని అడుగుతారు. రిజిస్టర్లు వాటంతటవే నిండుతాయి నాయనా, వాటి గురించి బెంగ పెట్టుకోకండి అంటాను. అరవైలలో చేరాను, ఎనభైలలో దిగాను. అన్నేళ్లు ఈ అరవదేశంలో, రాయపురం చుట్టుపక్కల సందుల్లో చెప్పులరిగేలా తిరిగాక నాకు అర్థమైంది ఒకటే. ఇది కాలవల ఉద్యోగం కాదు, చెత్తకుండీల ఉద్యోగం అంతకన్నా కాదు. ఈ ఊళ్లో ఎవరు ఉండొచ్చు, ఎవరు పోవాలి అని రోజూ తేల్చే ఉద్యోగం.

నమ్మకపోతే చూడండి. కొళాయి ఎక్కడ వేయాలన్నా, మరుగుదొడ్డి ఎక్కడ కట్టాలన్నా, ఏ గుడిసె ఉంచాలి ఏది తీయించాలి అన్నా పైవాళ్లు ముందు అడిగేది ఇనస్పెక్టరు కాగితం. ఎండలో నిలబడి మనం రాసిన ముక్క మీద వాళ్లు ఫ్యాను కింద కూర్చుని సంతకం పెడతారు. మనం తప్పు రాస్తే ఆ తప్పుకి కూడా అంతే చక్కగా సంతకం పడుతుంది. నేను అలాంటి తప్పు ఒకటి రాశాను. నా ఉద్యోగంలో చెప్పుకోదగ్గది ఏమైనా ఉంటే, ఆ తప్పూ దాని వెనకాల జరిగినదీ మాత్రమే.

బర్మావాళ్లు

నేను చేరిన కొత్తలో రంగూను నుంచి ఓడలు వస్తుండేవి. పేపర్లలో కాందిశీకులు అని రాసేవారు. మా వీధుల్లో మాత్రం బర్మావాళ్లు. అందులో అరవవాళ్లు ఎక్కువ, తెలుగువాళ్లు కూడా తక్కువేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి తాతల కాలంలో రంగూనుకి కూలికి వెళ్లిన కుటుంబాలవి. అక్కడే పుట్టి, అక్కడే పెళ్లిళ్లు చేసుకుని, ఒక్కసారిగా మీది ఈ దేశం కాదు పొండి అంటే కట్టుబట్టలతో దిగారు. కొన్నాళ్లు శిబిరాల్లో ఉండి, తర్వాత రైలుకట్ట పక్కన ఖాళీ నేలలో తాటాకు గుడిసెలు వేసుకున్నారు.

వాళ్లు స్థిరపడడానికి సాయం చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మంచి ఉత్తర్వే. టీకాలు వేయించండి, పిల్లల్ని బడిలో చేర్పించండి, నీళ్లివ్వండి అని ఉంది. నేను ఉత్తర్వుల్ని తిట్టే మనిషిని కాను. కానీ ఉత్తర్వుకి కాళ్లుండవు, మన కాళ్ల మీద నడవాలి.

మాది కొత్వాల్ బజారు దగ్గర పప్పుధాన్యాల వర్తకుల ఇల్లు. నేను బర్మావాళ్ల గుడిసెల మధ్య తిరుగుతున్నానని తెలిసి మా చిన్నాయన ఒకరోజు నన్ను కూర్చోబెట్టుకుని అడిగాడు.

"ఎవురురా వాళ్లు? మాట చూస్తే తెలుగంటారు, తిండి చూస్తే ఏందో పురుగుల మాదిరి సేమ్యాలు. కొళాయి కాడ మనోళ్లకి చుక్క నీళ్లు లేకుండా చేస్తా ఉండారంట గదా."

"మన తాత గూడా నెల్లూరు నుంచి మూట నెత్తిన పెట్టుకొనే గదా చిన్నాయనా ఈడికొచ్చింది?" అన్నాను.

"అది వేరేరా" అన్నాడు.

అది వేరే అన్న మాట నా ఉద్యోగంలో విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు. మనం వచ్చినప్పుడు వలస కాదు, మన తర్వాత వచ్చినవాడిదే వలస. ఇది మా చిన్నాయన ఒక్కడి జబ్బు కాదు.

ఆ గుడిసెల్లో నాకు మొదట తెలిసిన మనిషి అప్పలనరసమ్మ. నలభై ఏళ్లుంటాయి. భర్త రంగూనులోనే పోయాడు, కూతురితో వచ్చింది. హార్బరు దగ్గర అతో అమ్మేది. బర్మా సేమ్యాలో చింతపండు పులుసు, వేయించిన ఉల్లిపాయలు వేసి కలిపే తిండి అది. ఆమె చేత్తో కలిపింది తిన్నాక చిన్నాయన మాట నాకు మరీ అన్యాయంగా తోచింది. ఆమె మొదటిసారి నా దగ్గరికి కూతురి బడి కోసం వచ్చింది.

"మా పిల్లకి బడిలో సోటు ఇయ్యనంతన్నారు బాబూ. రంగూను బడి కాయితం గావాలంట. ఆ బడే నేదిప్పుడు, కాయితం ఏటొస్తాది?"

ఆ పిల్లకి టీకా నేనే దగ్గరుండి వేయించాను. టీకా చీటీ మీద పేరు, వయసు, ఉంటున్న చోటు రాసి ముద్ర వేసి ఇచ్చాను. హెడ్మాస్టరు గొణిగాడు గానీ చేర్చుకున్నాడు. చూడండి, అబద్ధం ఆడకుండానే ఎన్ని తలుపులు తీయొచ్చో. మన ముద్రకి అంత బలం ఉంది. దాన్ని తలుపులు మూయడానికే వాడేవాళ్లని చూసి చూసి నాకు విసుగెత్తింది.

నా గొప్ప లెక్క

కొన్నాళ్లకి రైలుకట్ట పక్క నేల ఖాళీ చేయించాలన్నారు. వాళ్లని వీధిన పడేయరు, ఊరి శివార్లలో మనలి అనే ఊరికి పోయే దారిలో కొత్త కాలనీ, కుటుంబానికో స్థలం, వీధికో కొళాయి. లెక్కలోకి వచ్చిన ప్రతి కుటుంబం తలుపు మీద తారుతో ఒక నంబరు, చేతికి ఒక చీటీ. నంబరు లేని గుడిసెని స్థలం ఇవ్వకుండానే తీయించేస్తారు. లెక్క రాయవలసినవాణ్ని నేను. గడువు వారం రోజులు.

కుటుంబం అంటే ఏమిటో కాగితంలో ఎవరూ రాయలేదు. నాకు ఒకరు చెప్పాలా! ఉమ్మడి కుటుంబంలో పుట్టినవాణ్ని. మా ఇంట్లో పద్దెనిమిది మంది ఒక పొయ్యి మీద తినేవాళ్లం. మా చిన్నాయన వేరు కుంపటి పెట్టుకున్న రోజు మా అమ్మ ముద్ద ముట్టలేదు, ఇల్లు విడిపోయిందని ఏడ్చింది. గోడ కట్టలేదు, గది మారలేదు, అయినా ఆ రోజు నుంచి రెండు కుటుంబాలే. అంటే పొయ్యి ఒకటైతే కుటుంబం ఒకటి. ఇంత తేలికైన లెక్క ఇంకెవరికీ తట్టలేదని మనసులో మురిసిపోయాను కూడా.

ఒక ఉదయం పదిగంటల వేళ వెళ్లాను. ఒక్కో పొయ్యి చుట్టూ నాలుగైదు గుడిసెలు. అన్నదమ్ములు పక్కపక్కన వేసుకున్నారనుకున్నాను. పొయ్యి దగ్గర కూర్చున్న ఆడమనిషిని పేరడిగి రాసుకున్నాను. ఇంకేమీ అడగలేదు. పద్నాలుగు పొయ్యిలు, పద్నాలుగు పేర్లు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. వారం ఇచ్చిన పని పూటలో చేశానని మా అధికారి వీపు తట్టాడు. జాబితా పైకి పోయింది, పద్నాలుగు తలుపులకి తారు పడింది, పద్నాలుగు చీటీలు వచ్చాయి.

చీటీలు పంచిన మర్నాడు అప్పలనరసమ్మ ఆఫీసుకి వచ్చింది.

"నాకు నెంబరు నేదు బాబూ."

"నువ్వు పోలమ్మ కుటుంబమే గదమ్మా. ఆమె చీటీ మీదే నువ్వూ నీ కూతురూ" అన్నాను.

"పోలమ్మ నాకేటవుద్ది? ఏటీ అవదు. ఓడలో పక్కపక్కన కూకున్నాం, అంతే."

"మరి మీరందరూ ఒక పొయ్యి మీదే గదా తినేది? నేను చూసినా గదా."

"పొయ్యి సూసి రాసినావా? ఓరి బాబో. అయిదిళ్లకి ఒక పొయ్యి. పొద్దు పొడిసేసరికి అందరం పన్లకి పోతాం, మరి వంట ఎవులు సేత్తారు? రోజుకొకలం వంతు. వంతు ఉన్నది ఆ రోజు పనికి పోదు, అయిదిళ్లకీ వండుద్ది. నువ్వొచ్చినది పోలమ్మ వంతు రోజు. మర్నాడు వొచ్చుంటే నా పేరు రాసేవోడివి."

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుండిపోయాను. ఆ గుడిసెలు అరవై దాకా ఉంటాయి. నలభై చిల్లర కుటుంబాలు నా కలంతో గల్లంతయ్యాయి. ఆ రోజు ఎవరి వంతో వాళ్లకి ఇల్లు, మిగిలినవాళ్లకి వీధి. ఇంతకన్నా చీట్లు వేసి తీసినా ధర్మంగా ఉండేది.

ఆమె ఒప్పుకోలేదు

తప్పు చేసినవాడికి మొదట తట్టేది దాన్ని కప్పే ఉపాయమే. నేనూ అంతే. సాయంత్రం వెళ్లి అప్పలనరసమ్మతో గుట్టుగా చెప్పాను.

"ఒక్క పని చెయ్యండమ్మా. ఎవురి గుడిసె ముందర వాళ్లు రెండ్రోజులు పొయ్యి ముట్టించుకోండి. మొదటి లెక్కలో వదిలేసినవి దొరికినాయని చెప్పి నేను మళ్లీ రాసుకుంటా. ఎవురికీ ఏం తెలీదు."

కత్తిపీట మీద ఉల్లిపాయలు తరుగుతున్న ఆమె చేయి ఆగింది.

"అబద్దం పొయ్యిలు పెట్టమంటావా?"

"అబద్ధమేముంది, మీవి నిజంగా వేరే కుటుంబాలే గదా."

"అదే సెప్పు మరి. వేరే కుటుంబాలని నిజం సెప్పడానికి అబద్దం పొయ్యిలెందుకు? రంగూన్లో మా కాయితాల్లో ఒక్క ముక్క తప్పుందని ఊరొదిలించినారు బాబూ. ఇప్పుడు తప్పుడు కాయితం మీద ఇల్లు కట్టుకోమంతన్నావు. రేపు ఇంకో ఇనస్పెట్రు వొచ్చి, ఈళ్లు పొయ్యిలు పెట్టి మోసం సేసినారంటే ఏడకి పోవాల? తప్పు నీది. నీ తప్పు కప్పడానికి మా సేత అబద్దం ఆడించకు."

నాకు కోపం వచ్చింది. సాయం చేయబోతే ఈ పొగరేమిటి అనుకున్నాను. ఇంటికి నడిచి వెళ్లే దారిలో ఆ కోపం మెల్లగా నా మీదికి తిరిగింది. నా సర్వీసుకి మచ్చ పడకుండా చూసుకోవడానికి, దిక్కులేని ఆడవాళ్ల చేత దొంగపని చేయించబోయాను. దాన్ని సాయం అనుకున్నాను. చిన్నవాళ్లకి చెబుతున్నాను, వినండి. పేదవాడికి దొంగదారి చూపించడం దయ కాదు. రేపు పట్టుబడేది వాడు, మీరు కాదు.

మర్నాడు మా అధికారికి జరిగింది చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు పని తేలికయ్యేది. రిటైరుమెంటు దగ్గర పడ్డవాడు, కాగితమంటే భయం. అరవంలో మెత్తగా చెప్పాడు.

"జాబితా పైకి పోయింది తంబీ. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మిగతా గుడిసెలు లెక్క అయ్యాక వెలిశాయని ఒక ముక్క రాసివ్వు. నువ్వూ బతుకుతావు, నేనూ బతుకుతాను."

"వాళ్లెక్కడికి పోతారు సార్?"

"వచ్చినవాళ్లకి పోవడం తెలుసులే."

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లయినా, ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా మండుతోంది. "ఆ ముక్క నేను రాయను సార్. నా లెక్క తప్పని రాస్తాను" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "రాయి. జాబితా తప్పంటే మొత్తం రద్దు చేస్తారు. ఆ పద్నాలుగు చీటీలూ పోతాయి. నలభై మందికి వస్తుందో రాదో తెలియదు. పద్నాలుగు మందికి వచ్చింది మాత్రం నీ చేత్తో నువ్వు లాగేసినవాడివవుతావు."

ఆయన చెప్పింది నిజమే.

పద్నాలుగు చీటీలు

ఆదివారం పొద్దున రైలుకట్ట దగ్గరికి వెళ్లి అందర్నీ కూర్చోబెట్టి, దాచకుండా చెప్పాను. తప్పు నాదని చెప్పాను. నిజం రాస్తే చీటీలు పోవచ్చునని చెప్పాను. రాయకపోతే మిగిలిన గుడిసెలు పోతాయని చెప్పాను. ఏం చేయమంటారని అడిగాను.

పోలమ్మకి నలుగురు పిల్లలు. తలుపు మీద నంబరు చూసుకుని నాలుగు రోజులుగా పక్కవాళ్లకి చూపించి మురుస్తున్న మనిషి. ఆమే అప్పలనరసమ్మని చూపిస్తూ ముందు నోరు విప్పింది.

"ఆ రోజు నా వంతని నాకిల్లు. దీని వంతు కాదని దీనికి నేదు. రేపు కాలనీలో నాను తలుపేసుకుని తొంగుంటే, ఇది పిల్లనేసుకుని ఏ అరుగు మీద తొంగుంటాది? ఇదేటి నాయం? నా సీటీ ఇచ్చేత్తాను."

అందరూ అంత తేలిగ్గా అన్నారనుకోకండి. ఒకామె చీటీని రొంట్లో దోపుకుని ఇవ్వనంటే ఇవ్వనంది. ఎవరూ ఆమెని తిట్టలేదు. ఆమె భయం అందరికీ తెలిసినదే.

సోమవారం పద్నాలుగు మందీ ఆఫీసుకి వచ్చారు. చీటీ దోపుకున్నామె అందరికన్నా వెనకాల, మొహం తిప్పుకుని వచ్చింది. పక్కన అప్పలనరసమ్మ ఉంది. ఒక్కొక్కరూ వెళ్లి మా అధికారి బల్ల మీద చీటీ పెట్టారు. ఆయనకి తెలుగు బాగానే తెలుసు, తెలియనట్టు నటించేవాడు. ఆ రోజు నటించడం మరిచిపోయాడు.

"ఏమ్మా, మీకు పిచ్చా? వచ్చింది పోగొట్టుకుంటారు. తీసుకోండి, వెనక్కి తీసుకోండి!"

"మీకాడే ఉంచండి బాబూ. అందరికీ ఇచ్చినప్పుడు మాకూ ఇయ్యండి" అంది పోలమ్మ.

"అందరికీ రాకపోతే?"

అప్పలనరసమ్మ ముందుకి వచ్చింది. "దేశమే పోగొట్టుకుని వొచ్చినాం. సీటీ పోద్దని మమ్మల్ని బెదిరిస్తావేటి?"

నేను అక్కడే, ఆ గుమాస్తాల మధ్యనే కూర్చుని రాశాను. పొయ్యిల్ని చూసి కుటుంబాల్ని లెక్కపెట్టాను, అది నా తప్పు, ఈ గుడిసెలన్నీ లెక్కకి ముందు నుంచే ఉన్నాయి, నా జాబితా చెల్లదు అని రాశాను. మా అధికారి లేచేలోపల తపాలా గుమాస్తా దగ్గరికి తీసుకెళ్లి రిజిస్టరులో ఎక్కించి నంబరు వేయించాను. ఇది గుర్తు పెట్టుకోండి. నోటితో చెప్పిన నిజాన్ని ఎవడైనా మింగేస్తాడు. నంబరు పడ్డ కాగితానికి మాత్రం ఎంత పెద్దవాడైనా ఏదో ఒక జవాబు రాయాలి. ఆ జవాబు రాసేదాకా గుడిసె మీద చేయి వేయడానికి జంకుతాడు.

మూడు వారాలు నాతో ఆఫీసులో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. మళ్లీ లెక్క మొదలైంది. ఈసారి పొయ్యి వైపు చూడలేదు. ఏ కప్పు కింద ఎవరు ఉంటున్నారు, వాళ్ల ఓడ కాగితంలో ఎవరెవరి పేర్లున్నాయి, అంతే. అప్పలనరసమ్మ ముందు నడుస్తూ గుడిసె గుడిసెకీ పేరు చెప్పింది. ఆ అధికారికి అనుమానం తీరలేదు.

"అందరూ కలిసి వండుకుంటున్నారు. మళ్లీ వేరు వేరు ఇళ్లు ఎందుకమ్మా?" అన్నాడు.

"మీ ఆఫీసోళ్లందరూ ఒక్క కేంటీన్లోనే తింతారు గదా బాబూ. అందరికీ ఒక్కటే ఇల్లా?"

ఆయన నవ్వాపుకోలేక కాగితాల్లోకి తల దించాడు. ఆ గుడిసెలన్నిటికీ నంబర్లు పడ్డాయి. నేల పెరగలేదు కనుక స్థలాలు చిన్నవయ్యాయి. తనకి రావలసినదానికన్నా చిన్నది వచ్చిందని పోలమ్మ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి ఆమెకి హక్కుంది. ఇచ్చినవాళ్లు నవ్వుతూనే ఉండాలని మనం కోరకూడదు.

సంజాయిషీ

తర్వాత నా వంతు వచ్చింది. బాధ్యత లేకుండా జాబితా తయారుచేసినందుకు, పై అధికారి అనుమతి లేకుండా కాగితం పెట్టినందుకు సంజాయిషీ అడిగారు. మా అధికారి మళ్లీ నన్ను పిలిచాడు. ఈసారి నిజంగా నా మంచి కోరే పిలిచాడు.

"ఒక్క వాక్యం రాయి తంబీ. ఆ ఆడవాళ్లు మొదటిసారి నిన్ను తప్పుదోవ పట్టించారని రాయి. వాళ్లకి ఇళ్లు వచ్చేశాయి, ఇక వాళ్లకి పోయేదేమీ లేదు. నీ మీద మచ్చ ఉండదు."

ఒప్పుకుని ఉంటే ఎవరికీ ఏమీ నష్టం ఉండేది కాదని మీకు అనిపించొచ్చు. నాకూ ఒక్క నిమిషం అనిపించింది. కానీ ఆ వాక్యం ఫైలులో అలాగే ఉండిపోతుంది. రేపు ఇంకో ఓడలో ఇంకెవరో దిగుతారు. వాళ్ల లెక్కకి వెళ్లబోయే ఇనస్పెక్టరుకి ఎవరో ఒకరు ఆ ఫైలు తీసి చూపిస్తారు, వలస వచ్చినవాళ్లు మోసం చేస్తారు, జాగ్రత్త అని. ఆ పని నా చేత్తో నేను చేయలేను.

ఆయన ముందే కాగితం తీసుకుని రాశాను. "ఆ స్త్రీలు నాకు అబద్ధం చెప్పలేదు. నేను వాళ్లని ఏమీ అడగలేదు." కింద సంతకం పెట్టాను.

మందలింపు పడింది. అది ఇప్పుడు ఏ బీరువాలో చెదలు పడుతోందో నాకు తెలియదు. మనలి దారిలో ఆ కాలనీ మాత్రం ఉంది. వెళ్లి ఏ తలుపైనా కొట్టండి, లోపల మనుషులున్నారు.